ముఖం మీద ముఖం

లాకప్‌లో ఉన్న మనిషితో మాట్లాడటానికి ఇన్‌స్పెక్టర్ పదిహేను నిమిషాలు ఇచ్చాడు. ఇచ్చి, చేతి గడియారం విప్పి, పరీక్ష హాల్లో మాస్టారిలా టేబుల్ మీద పెట్టుకున్నాడు.

"తొమ్మిదీ పది. తొమ్మిదీ పాతికకల్లా మీరు బయట ఉండాలి, మేడమ్" అన్నాడు.

ఆ 'మేడమ్' అన్న మాటని అతను నాలుక చివర పెట్టుకుని ఉమ్మినట్టు అంటాడు. ఎనిమిదేళ్ళుగా అంతే. ఆవిడకి అలవాటైపోయింది.

డిపార్ట్‌మెంట్‌లో ఆవిడని అందరూ భూతద్దం అనేవాళ్ళు. ఇరవై రెండేళ్ళు వేలిముద్రల బ్యూరోలో పనిచేసింది. ఎదురుగా మంత్రి నిలబడ్డా ముందు మొహం కాదు, వేళ్ళు చూసేది. ఇదే ఇన్‌స్పెక్టర్ ఒక దొంగతనం కేసులో ఎవరినో పట్టుకొచ్చి, ముద్రలు కలిశాయని రాయమన్నాడు. కలవలేదని రాసింది. రెండు నెలలు తిరక్కుండా ఆవిడ బీరువాలోంచి ఒక ఫైలు మాయమైంది. ఆ నింద మోస్తూ ఉద్యోగంలో ఉండలేక రాజీనామా ఇచ్చి, ఒక మెడికల్ షాపు మేడ మీద గది అద్దెకి తీసుకుని ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు పెట్టింది. పేరు మాత్రం వెంటే వచ్చింది. ఇప్పుడు క్లయింట్లు కూడా "భూతద్దం గారున్నారా?" అని మెట్ల కింద నుంచి కేకేస్తారు.

ఈసారి అలా వచ్చింది ఒక శిల్పి భార్య. మంగళవారం సాయంత్రం ఆరుంపావుకి, మొగుణ్ణి ఇంటికి తీసుకెళ్దామని అతని పనిగదికి వెళ్తే, తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఆయన బోర్లా పడి ఉన్నాడు, తల వెనక పగిలి. ఆయనకి అరవై నాలుగేళ్ళు. మర్నాడు పొద్దున్నే ఆవిడ సొంత చెల్లెల్ని పోలీసులు తీసుకెళ్ళారు. మొగుడు పోయిన మూడో రోజున చెల్లెలి కోసం మెట్లెక్కి వచ్చిన ఆ ఇల్లాలు ఏడవలేదు. "బయట అందరూ మా చెల్లికీ ఆయనకీ ఏదో ఉందంటున్నారు. ఉన్నా లేకపోయినా ఆయన్ని చంపింది మాత్రం అది కాదు. మిగతాది నేనూ నా చెల్లీ చూసుకుంటాం" అంది. ఆ మాటతో భూతద్దం కేసు తీసుకుంది.

లాకప్‌లో ఆ చెల్లెలు గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఇరవై రెండేళ్ళుగా బావ దగ్గరే మట్టి పని. గోళ్ళ చుట్టూ ఎన్నిసార్లు కడిగినా పోని బూడిదరంగు గీత ఉంది.

"ఆ మాట మీరు కూడా అడగాలనుకుంటే ముందే అడిగేయండి" అంది.

"నాకు టైము లేదమ్మా. మంగళవారం గురించి చెప్పు."

చెప్పింది. పొద్దున్న ఎనిమిదింటికి మట్టి కొనడానికి ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న యార్డుకి వెళ్ళింది. మట్టిని వేళ్ళ మధ్య నలిపి చూసి ఎంచుకోవాలి కాబట్టి బావ ఎప్పుడూ ఆమెనే పంపేవాడు. లోపలికి వెళ్ళేటప్పుడూ, మూడున్నరకి బయటికొచ్చేటప్పుడూ యార్డు గేటు పుస్తకంలో సంతకం పెట్టి, మట్టి బస్తాలతో నాలుగున్నరకి పనిగది దగ్గర దిగింది. తలుపు గడికి తడిగుడ్డ కట్టి ఉంది. అలా కట్టి ఉంటే లోపలికి రావద్దని అర్థం. సరేనని బయట షెడ్డులో అయిదూ నలభై దాకా మట్టి చరుచుకుని, ఇంటికి వెళ్ళిపోయింది.

"గుడ్డ ఎప్పుడు కడతాడు? పని చేస్తున్నప్పుడల్లానా?"

"కాదండి. కళ్ళు పెట్టేటప్పుడు మాత్రమే."

భూతద్దం రాసుకుంటున్న పెన్ను ఆపింది.

బావ ఏం చేస్తాడో ఆమె విడమర్చి చెప్పింది. ఒకప్పుడు ఆయన బొమ్మలు పెద్ద పెద్ద హాళ్ళలో పెట్టేవారు. పన్నెండేళ్ళ కిందట అవన్నీ మానేశాడు. ఎవరివో తెలియని పుర్రెలు పోలీసులకి దొరుకుతాయి, వాటికి ముఖం పెట్టే పని మొదలుపెట్టాడు. పుర్రెకి అచ్చు తీసి, ప్లాస్టర్‌తో ఇంకోటి పోసుకుంటాడు. దాని మీద ఇరవైకి పైగా చోట్ల పెన్సిల్ ముక్కల్లాంటి రబ్బరు ముక్కలు అతికిస్తాడు. నుదుటి మీద పొట్టివి, బుగ్గల దగ్గర పొడుగువి. మనిషి ముఖంలో ఎక్కడ ఎంత కండ ఉంటుందో దానికి కొలత అది. ఆ ముక్కల మధ్య మట్టి నింపుతాడు. ముక్కల తలలు మునక్కూడదు. గోరు మందం కూడా ఎక్కువ వెయ్యడు.

"ఎందుకు బావా అంత పట్టుదల, కాస్త బుగ్గలొస్తే అందంగా ఉంటుంది కదా అన్నానొకసారి. 'అది మన బొమ్మ కాదే, ఒకరి మొహం. మన ఇష్టం చెల్లదు' అన్నాడు. పేరు తెలియనన్నాళ్ళూ కళ్ళు మూసే ఉంచుతాడు. ఫలానా మనిషి అని తేలిన రోజున గుడ్డ కట్టుకుని కూర్చుని కళ్ళు తెరుస్తాడు. అప్పుడు నేనైనా లోపలికి వెళ్ళను."

"మరి ఇప్పుడు చేస్తున్న పుర్రె ఎవరిదో తేలిందా?"

"నాకు తెలియదండి. నేను సోమవారం రాత్రి చూసినప్పటికి బుగ్గలు, దవడ అయ్యాయి. ముక్కు, పెదాలు లేవు. ఆడమనిషి అనీ, ముప్పై దాటి ఉంటాయనీ అన్నాడంతే. రెండు మూడు రోజులుగా అన్నం సరిగ్గా తినలేదు."

భూతద్దం సంచిలోంచి పోలీసులు తీసిన ఫొటో తీసి కటకటాల్లోంచి ఇచ్చింది. మంగళవారం రాత్రి ఏడూ పదికి తీసింది. పీట మీద మట్టి తల, ఇంకా తడితో మెరుస్తోంది. బండ ముక్కు, ఉబ్బిన బుగ్గలు, మూసిన కళ్ళు, మూసిన పెదాలు.

ఆమె దాన్ని వెలుతురు వైపు తిప్పి చాలాసేపు చూసింది.

"ఇది బావ చేసింది కాదు."

"ఎలా చెప్పగలవు?"

"రబ్బరు ముక్క ఒక్కటీ కనపడటం లేదు. పైగా పెదాలు మూసేశారు. బావ పెదాలు ఎప్పుడూ మూయడండి. కొంచెం తెరిచి పళ్ళు కనపడనిస్తాడు. మిగతాదంతా మనం కొలత వేసి పెట్టేది, ఆ మనిషి సొంతంగా మిగుల్చుకున్నవి పళ్ళొక్కటే అంటాడు."

తొమ్మిదీ ఇరవై రెండు. ఇంకా రెండు ప్రశ్నలు ఉన్నాయి. ఏడింటికి మట్టి తడిగా ఉంది కాబట్టి ఆయన అయిదు దాకా బతికే ఉన్నాడనీ, ఆ సమయంలో అక్కడున్నది ఆమె ఒక్కతేననీ ఇన్‌స్పెక్టర్ రాశాడు. దానికేమంటావని అడిగింది. ఆమె మొహంలో నవ్వులాంటిది వచ్చి పోయింది. అంత మందం మట్టి మర్నాడు పొద్దున్నకి కూడా ఆరదని, మట్టి ముట్టుకున్న ఎవరినైనా కనుక్కోమని చెప్పింది.

రెండోది అడగడానికి భూతద్దానికే మనసొప్పలేదు. ఆయన్ని కొట్టింది మట్టి చరిచే చెక్కతో. ఆ చెక్క మీద ఉన్నవన్నీ ఈమె వేలిముద్రలే.

"చెక్క ఎప్పుడూ గది లోపలుంటుంది. ఆ రోజు షెడ్డు గోడ మీద ఉంది, కడిగి. తడిగానే ఉంది. బావ కడిగి పెట్టాడనుకున్నాను." ఆమె తన రెండు అరచేతుల్నీ ఒళ్ళో తెరిచి పెట్టుకుంది. "గంటకి పైగా దాంతోనే చరిచాను మేడమ్. బరువుగా బాగుంది, తడి తాగి. అదే చెక్క అని వీళ్ళు మర్నాడు చెప్పారు."

భూతద్దం పెన్ను మూసి లేచింది.

బయట ఇన్‌స్పెక్టర్ గడియారం చేతికి తొడుక్కుంటున్నాడు. చెప్పిందా నిజం, అని అడిగాడు. చెప్పిందంది భూతద్దం. అలాగే నిలబడి, మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటా పదికి శిల్పి ఈ స్టేషన్‌కి ఫోన్ చేశాడట కదా, ఎవరు మాట్లాడారు అని అడిగింది. ఫోన్ల జాబితా శిల్పి భార్య అప్పటికే తెప్పించి పెట్టింది.

"నేనే మాట్లాడాను. క్వారీ గుంతలో పూడిక తీస్తుంటే దొరికిన పుర్రె అది. రిపోర్టు రెండ్రోజులు ఆలస్యమవుతుందన్నాడు. సరే అన్నాను."

"క్వారీ మీ పరిధిలోకి రాదుగా. పుర్రె పంపింది ఫోరెన్సిక్ ల్యాబు వాళ్ళు. ఆలస్యమైతే వాళ్ళకి చెప్పాలి కానీ మీకెందుకు చెప్పడం?"

"ముసలాయన. నంబరు ఏది దొరికితే దానికి చేశాడు."

"తర్వాత మీరెక్కడికి వెళ్ళారు?"

అతను ఆమె వైపు మొదటిసారి సూటిగా చూశాడు.

"రౌండ్స్‌కి. నన్నే విచారిస్తున్నారా? మీ బ్యూరో వాళ్ళ సంగతి నాకు తెలియనిదా? ఒకావిణ్ణి నమ్మి ఇంట్లో పెట్టుకుంటే ఏం చేసిందో ఊరంతా చూసింది. ఇంకొకరు ఫైళ్ళు పోగొట్టారు. ఇప్పుడు డిటెక్టివట. సాయంత్రం నాలుగింటికి ఆ తల ఫొటో పేపర్లకి ఇస్తున్నాను. ఆ ముసలాయన చేసిన ఆఖరి ముఖం. చార్జిషీటు వారంలో వేస్తాను. మీరు పనిగదిలో మీకిచ్చిన గంట చూసుకోండి."

ఇంట్లో పెట్టుకున్నానని అతనన్నది తన భార్య గురించి. బ్యూరోలో ఆమెది భూతద్దం పక్క టేబులే. ఇద్దరికీ ఒకే దీపం, ఒకే లెన్సు. తొమ్మిదేళ్ళ కిందట ఒక సోమవారం ఆమె ఆఫీసుకి రాలేదు. ఎవరితోనో వెళ్ళిపోయిందనీ, ఉత్తరం రాసి పెట్టిందనీ ఇతనే వచ్చి తల వంచుకుని చెప్పాడు. ఆఫీసంతా అతని మీద జాలి పడింది. భూతద్దమూ పడింది. అది గుర్తొస్తే ఇప్పటికీ తన మీద తనకే కంపరంగా ఉంటుంది, ఇతగాడి కోసం ఆ రోజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నందుకు.

పనిగది చూడటానికి మేజిస్ట్రేటు గంట టైమిచ్చాడు. పదీ నలభై అయిదు నుంచి పదకొండూ నలభై అయిదు దాకా. బుధవారం సీలు వేశాక పోలీసులు కూడా లోపలికి వెళ్ళకూడదని షరతు. ఫోను తీసుకెళ్ళకూడదు, ఒక పోలీసు సాక్షిగా ఉండాలి. ఇన్‌స్పెక్టర్ ఆవిడ ఫోను పుచ్చుకుని జీపులో పడేసి, ఎదురుగా చెట్టు నీడన నిలబడ్డాడు. సాక్షిగా ఒక హెడ్ కానిస్టేబుల్‌ని పంపాడు. యాభై అయిదు దాటిన ఆవిడ, మోకాళ్ళ నొప్పితో గడప దాటడానికే తలుపు పట్టుకుంది. చేతిలో పంచనామా పుస్తకం.

"ఏది ముట్టుకుంటే అది చెప్పండమ్మా, రాసుకుంటాను" అంది. గొంతులో మంచీ చెడూ ఏమీ లేవు. ఉద్యోగం ఉంది, అంతే.

గది పొడుగ్గా ఉంది. ఉత్తరం వైపు కిటికీ. నేల మీద మరక నల్లబడింది, చుట్టూ సుద్దగీత. గోడకి చెక్క అరలో పదకొండు తలలు. నాలుగింటికి కళ్ళు తెరిచి ఉన్నాయి, ఏడింటికి మూసి ఉన్నాయి. అన్నింటికీ పెదాలు కాస్త విడిపోయి లోపల తెల్లటి పలువరస కనపడుతోంది. ఎవరో మాట్లాడబోతుంటే ఆపినట్టున్నారు. అరకీ కిటికీకీ మధ్య తిరుగుడు పీట మీద పన్నెండో తల.

ముందు దాని దగ్గరికి వెళ్ళలేదు. కిటికీ గట్టు మీద మాత్రల పెట్టె ఉంది, వారానికి ఏడు వరసలు, వరసకి మూడు గళ్ళు. ఆయనకి షుగరు. ఒంటిగంటన్నరకి మాత్ర వేసుకుని క్యారేజీ విప్పుతాడనీ, తొమ్మిదేళ్ళలో ఒక్క పూట తప్పలేదనీ భార్య చెప్పింది. మంగళవారం వరసలో పొద్దుటి గడి ఖాళీ. మధ్యాహ్నం గడిలో తెల్ల మాత్ర అలాగే ఉంది. క్యారేజీ మూత ఊడలేదు.

"పది యాభై ఆరు. మంగళవారం మధ్యాహ్నం మాత్ర పెట్టెలోనే ఉంది. రాసుకోండి."

ఆవిడ రాసుకుంది. రాసి, తల ఎత్తకుండానే, "అయితే ఒంటిగంటన్నరకే..." అని ఆగిపోయింది.

"అవును. అప్పటికి ఆ మరదలు ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంది. గేటు పుస్తకంలో సంతకం ఉంది."

ఒంటిగంటా పదికి ఫోను. ఒంటిగంటన్నర లోపు చావు. ఆ ఇరవై నిమిషాల్లో ఈ గదికి రాగలిగినవాళ్ళు ఎవరు? స్టేషన్‌ నుంచి జీపులో ఇక్కడికి ఎనిమిది నిమిషాలు. ఇందాకే వచ్చింది కాబట్టి తెలుసు. ఆ లెక్క అక్కడితో ఆపి, భూతద్దం పన్నెండో తల దగ్గరికి వెళ్ళింది.

దగ్గర నుంచి చూస్తే అది ఫొటోలో కన్నా అధ్వాన్నంగా ఉంది. మూడు రోజుల్లో పై మట్టి ఆరి, దవడ కింద వెంట్రుకంత బీట విచ్చింది. చెవి ముందు నుంచి గడ్డం దాకా ఒకటే గీత. దవడ దగ్గర లోపలి మట్టి రోజుల ముందు వేసింది, అప్పటికే కాస్త ఆరి కుంచించుకుపోయి ఉంది. దాని మీద వేసిన తడిమట్టి తర్వాత ఆరుతూ కుంచించుకుంటే ఇలాగే లేస్తుంది. పొర మీద పొర నిలవాలంటే కిందిది గీతలు గీకి, జిగురుమట్టి పూసి అతికించాలి. ఇక్కడ ఎవరో ఆ ఓపిక లేకుండా, లేదా తెలియక, ముద్ద తీసి మొత్తేశారు.

జేబులోంచి లెన్సు తీసింది. ముక్కు మీద నుంచి నుదుటిదాకా, అక్కడినుంచి రెండు బుగ్గలూ వెతికింది. పదిహేను నిమిషాలు వెతికినా వేలిముద్ర ఒక్కటీ దొరకలేదు. తడి మట్టి కన్నా బాగా వేలిముద్ర పట్టే వస్తువు ప్రపంచంలో ఇంకోటి లేదు. అరలో ఉన్న పదకొండు తలల మీదా శిల్పి వేళ్ళు వందల చోట్ల ఉన్నాయి. దీని మీద మాత్రం నున్నటి రబ్బరు గ్లౌజుల జాడ. ఆయనకి గ్లౌజులు లేవు, ఆ మరదలికీ లేవు. జేబులో గ్లౌజులతో తిరిగే ఉద్యోగం ఏదో భూతద్దానికి బాగా తెలుసు.

"పదకొండూ ఇరవై రెండు. పై పొర లేపుతున్నాను" అంది.

బల్ల మీద ఉన్న వెదురు పుల్ల తీసుకుని గడ్డం కింద బీటలోకి పోనిచ్చింది. అరచేయంత పెంకు చప్పుడు లేకుండా ఊడి చేతిలో పడింది. కింద సన్నటి గడ్డం. రబ్బరు ముక్క తల గుండీలా కనపడుతోంది. ఇంకో పెంకు తీసింది. పెదాలొచ్చాయి.

కాస్త విడివడి ఉన్నాయి. లోపల పై పళ్ళు. ముందు రెండింటిలో ఒకటి పక్కదాని మీదికి కొంచెం ఎక్కి ఉంది.

భూతద్దం చెయ్యి ఆగింది. అలాంటి పళ్ళు లోకంలో చాలామందికి ఉంటాయి. ఆ మాట మనసులో రెండుసార్లు అనుకుంది. తర్వాత తొందరతొందరగా బుగ్గ మీది పెంకు లాగింది, ముక్కు మీదిది లాగింది. ఆఖరున కళ్ళ మీద పట్టీలా ఉన్న ముక్క దానంతటదే జారి నేల మీద పడి విరిగింది.

కళ్ళు తెరిచి ఉన్నాయి. ఎడమ కన్ను కుడిదాని కన్నా వెంట్రుకవాసి చిన్నది. ఏళ్ళ తరబడి ఒక కన్ను మూసి లెన్సులోంచి చూసేవాళ్ళకి అలా అవుతుంది. భూతద్దానికీ అలాగే అయింది. పుర్రెని చూసి ఆ సంగతి ఎవరూ కనిపెట్టలేరు. ఆ మనిషిని చూసి ఉండాలి. బ్యూరో నుంచి పార్సిళ్ళు పట్టుకుని ఈ గదికి నెలకి రెండుసార్లు వచ్చేది ఆమే. ముసలాయన కొలతలతో మొదలుపెట్టాడు. పళ్ళ దగ్గరికొచ్చేసరికి అనుమానం పడ్డాడు. అన్నం మానేశాడు. మంగళవారం మధ్యాహ్నం గుడ్డ కట్టి, గుర్తున్నంత మేరకి ఆమె కళ్ళు తెరిచాడు. తెరిచి, కట్టుకున్నవాడికి ముందుగా చెప్పడం మర్యాద అనుకుని స్టేషన్‌కి ఫోన్ చేశాడు.

వచ్చినవాడు తలని పగలగొట్టి పారేయలేదు. పారేస్తే ల్యాబులో అసలు పుర్రె ఉంది, ఇంకెవరితోనైనా మళ్ళీ చేయిస్తారు. పేరున్న శిల్పి చేసిన ఆఖరి ముఖం అంటే ఇంకెవరూ అనుమానించరు. అరలో తలల్ని చూసి కళ్ళు మూశాడు. పళ్ళు చూసి పెదాలు మూశాడు.

పక్క టేబుల్లో ఆమె, నవ్వొచ్చినప్పుడల్లా ఆ పన్ను కనపడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. అంత బాగుంటుంది, ఎందుకు దాచుకుంటావే అంటే, మా ఆయనకి నచ్చదక్కా అనేది. ఆమె వెళ్ళిపోయిందని తెలిసిన రోజు క్యాంటీన్లో అందరి ముందూ, "నాకు ఒక్క మాట చెప్పి పోవచ్చుగా, సిగ్గులేనిది" అంది భూతద్దం. వేల ముద్రల్లో ఒక గీత తేడా పట్టుకున్న మనిషి, ఆ ఉత్తరం ఒక్కసారి చూపించమని అడగలేదు. తొమ్మిదేళ్ళు కోపంగా ఉంది. ఆ తొమ్మిదేళ్ళూ ఆ పిల్ల క్వారీ గుంతలో, పూడిక కింద ఉంది.

పక్కన ఊపిరి వినపడి తిరిగి చూసింది. హెడ్ కానిస్టేబుల్ ఎప్పుడు లేచి వచ్చిందో, తన భుజం పక్కనే నిలబడి ఉంది. పంచనామా పుస్తకం గుండెకి ఆనించుకుని ఆ ముఖం వైపే చూస్తోంది. ఎవరో తెలుసా అని భూతద్దం అడగలేదు. అడగక్కర్లేకపోయింది.

"టైమైపోయింది మేడమ్" అంటూ ఇన్‌స్పెక్టర్ లోపలికి వచ్చాడు. ఇంకా మూడు నిమిషాలుంది. రెండడుగులు వేసి ఆగాడు.

కప్పడానికి గుడ్డ కూడా అందుబాటులో లేదు. కప్పాలని భూతద్దానికి అనిపించలేదు కూడా. పక్కకి తప్పుకుని అతన్ని చూడనిచ్చింది. అతను చూశాడు. మొహంలో భయం కానీ కోపం కానీ రాలేదు. ఎక్కడో తాళాలు మర్చిపోయిన మనిషి గుర్తు తెచ్చుకుంటున్నట్టుగా చూశాడు.

"ఎంత బాగా చేశాడో కదా" అన్నాడు మెల్లగా. "నాక్కూడా ఆ రోజు ఒక్క నిమిషం కాళ్ళాడలేదు."

"ఉత్తరం ఎవరు రాశారు?" అంది భూతద్దం.

అతను హెడ్ కానిస్టేబుల్ వైపు తిరిగి, "ఆ పుస్తకం ఇక్కడ పెట్టి నువ్వెళ్ళి జీపులో కూర్చో" అన్నాడు.

ఆవిడ కదలలేదు.

"నీకే చెప్పేది."

ఆవిడ పుస్తకం పెట్టలేదు. అతను ఇక ఆవిణ్ణి పట్టించుకోకుండా వెనక్కి నడిచి, తలుపు మూసి, లోపల గొళ్ళెం పెట్టాడు. తుప్పు పట్టిన గొళ్ళెం, రెండుసార్లు తోస్తే కానీ పడలేదు. భూతద్దం కిటికీ వైపు చూసింది. ఊచలున్నాయి.

అప్పుడు మాట్లాడింది హెడ్ కానిస్టేబుల్. గట్టిగా ఏమీ కాదు. రోజూ హాజరు చెప్పే గొంతుతోనే.

"ఈ అమ్మాయిని వెతకమని నన్నే పంపించారు సార్. ఫొటో మీరే ఇచ్చారు. పదహారు రోజులు బస్టాండులూ రైల్వేస్టేషన్లూ తిరిగాను. కనపడ్డవాళ్ళందరికీ ఫొటో చూపించాను. ఎండలో కాళ్ళు బొబ్బలెక్కి, ఏడుస్తూ వచ్చి దొరకలేదు సార్ అంటే, మీ ఇంట్లో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. చాలు, ఇక వదిలెయ్ అన్నారు. ఎంత మంచివారో అనుకున్నాను."

"పక్కకి జరుగు" అన్నాడతను.

ఆవిడ జరిగింది, కానీ అతను చెప్పిన వైపు కాదు. నొప్పి కాలు ఈడ్చుకుంటూ పీట దాటి వచ్చి, అతనికీ భూతద్దానికీ మధ్య నిలబడింది. వెనక నుంచి భూతద్దానికి ఆవిడ మెడ మీద చెమట కనపడుతోంది. పుస్తకం మాత్రం వదల్లేదు.

"గొళ్ళెం తియ్యండి సార్" అంది.

ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో ఒక పై అధికారిని ఆవిడ ఏదైనా చెయ్యమనడం అదే మొదటిసారి. అతనికి అది అర్థమైనట్టే ఉంది.  అతని కుడి చెయ్యి నడుము దగ్గరికి వెళ్ళింది. పిస్టల్ తొడుగు గుండీ ఊడిన చప్పుడు ఆ గదిలో ముగ్గురికీ వినపడింది.